గారె తల వంకర

మా ఇంట్లో పెంచుకునే గినీ పిగ్, ఎలుకల జాతి బుల్లి జంతువు, పేరు గారె. గోధుమ రంగులో గుండ్రంగా, నడుమ తెల్ల మచ్చతో ఉంటాడని మా అమ్మాయి పెట్టిన పేరు. అమ్మాయేమో చదువుకని వరంగల్ హాస్టల్‌కి వెళ్ళిపోయింది. కూకట్‌పల్లిలో గారె నా నెత్తిన పడ్డాడు.

పోయిన నెల ఒక పొద్దున కొత్తిమీర కట్ట విప్పినా వాడు అరవలేదు. రోజూ ఫ్రిజ్ తలుపు చప్పుడుకే ఇల్లు ఎగరగొట్టేవాడు! వెళ్ళి చూస్తే తల ఎడమ పక్కకి వాలిపోయి ఉంది. కొత్తిమీర వైపు రాబోయి ఎడమకే తిరిగాడు, మళ్ళీ ఎడమకే, గానుగెద్దులా. కళ్ళు అటూ ఇటూ గబగబా కొట్టుకుంటున్నాయి. పక్షవాతం అనుకున్నాను. మా నాన్నకి వచ్చినప్పుడు చూశాను, అందుకే ముందు అదే తట్టింది.

దగ్గర్లో కుక్కల్ని చూసే డాక్టరు "నరాల జబ్బు కావచ్చు" అని అమాక్సిసిలిన్ సిరప్ రాశారు. అమ్మాయికి ఫోన్‌లో చెబితే "నాన్నా, అది మాత్రం వెయ్యకు!" అని అరిచింది. పెన్సిలిన్ జాతి మందులు నోట్లో పోస్తే గినీ పిగ్ పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చి, చెడ్డవి పెరిగి, ప్రాణం మీదికి వస్తుందట. ఆ సీసా సీలు తియ్యకుండా ఇంకా బీరువా మీదే ఉంది.

కుందేళ్ళనీ పక్షుల్నీ చూసే ఇంకో డాక్టరమ్మ దొరికారు. ఆవిడ ముందుగా కళ్ళే చూశారు. పక్కలకి కొట్టుకుంటే చెవి లోపలి ఇన్ఫెక్షన్ అయ్యే అవకాశం ఎక్కువట, పైకీ కిందికీ కొట్టుకుంటే మెదడుని అనుమానించాలట. ఎక్స్‌రేలో ఎడమ చెవి వెనక ఎముక గది మసగ్గా ఉంది. ఖాయంగా చెప్పాలంటే సీటీ స్కాన్ తియ్యాలి, దానికి మత్తివ్వాలి. ఈ నీరసంలో మత్తు వద్దని చెవి జబ్బు అనుకునే వైద్యం మొదలుపెట్టారు: ఇన్ఫెక్షన్‌కి ఎన్రోఫ్లాక్ససిన్, నొప్పికి మెలాక్సికామ్. వారాల తరబడి వెయ్యాలన్నారు. "మెదడైతే?" అని అడిగాను. "చూద్దాం అండీ" అన్నారు. ఆ "చూద్దాం" దగ్గరే ఉన్నాం ఇప్పటికీ.

మందు వెయ్యడం తేలికే. తినిపించడమే పెద్ద పని. గినీ పిగ్ పొట్ట ఖాళీగా ఉండకూడదు, ఒక్క రోజు తినకపోయినా పేగులు ఆగిపోవచ్చు. గుళికల దాణా గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, మెత్తగా మెదిపి, సూది తీసేసిన ఒక ఎంఎల్ సిరంజితో పెడుతున్నాను. ఎదర పళ్ళకీ దవడ పళ్ళకీ మధ్య సందుంటుంది, పక్క నుంచి అక్కడ పెట్టాలి. కొంచెం వదలాలి, నమిలేదాకా ఆగాలి. తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూడు గంటలకోసారి, రాత్రి కూడా. మొదటి రాత్రి సగం నా లుంగీ మీదే ఉమ్మాడు. మా ఆవిడ చూసి, "పిల్లకి ఒక్క ఉగ్గు గిన్నె పట్టలేదు మహానుభావుడు" అంది. నిజమే, ఏం మాట్లాడను?

మనలాగే వీటికీ ఒంట్లో విటమిన్ సి తయారవదు. అదందక కూడా నీరసపడతాయని రోజూ చిన్న జామ ముక్క, కాస్త క్యాప్సికం పెడుతున్నాను. అపార్ట్‌మెంట్ వెనక మందు కొట్టని చోట గరిక కోసుకొస్తుంటే వాచ్‌మన్ "రోజూ వినాయకుడి పూజా సార్?" అంటున్నాడు. పొర్లి పడిపోతాడని బోను గోడలకి పాత తువ్వాళ్ళు చుట్టాను, నీళ్ళ సీసా కిందికి దించాను.

రోజూ పొద్దున్నే వంటింటి త్రాసు మీద గిన్నె పెట్టి తూస్తాను. జబ్బుకి ముందు 940 గ్రాములు. నాలుగో రోజుకి 860కి దిగాడు, ఆ రోజు నేనూ అన్నం తినలేదు. నిన్న 905. కళ్ళు కొట్టుకోవడం ఆగింది. తల మాత్రం వంకరగానే ఉంది, ఇన్ఫెక్షన్ తగ్గినా కొన్నిటికి అలాగే ఉండిపోతుందని డాక్టరమ్మ ముందే చెప్పారు. మొన్న ఫ్రిజ్ తీస్తే సన్నగా ఒక్కసారి కూశాడు.

ఆ త్రాసు మీద ఇక మినప్పప్పు తూచనని మా ఆవిడ తేల్చి చెప్పింది. ఇంకోటి ఆర్డర్ పెట్టాను.