వెనక తలుపు, 31 కిలోల స్టెప్నీ

బండి కడుగుతుంటే కనిపించింది ఆ గీత. వెనక తలుపు మీద స్టెప్నీని మోసే ఇనుప స్టాండు ఉంటుంది కదా, దాని కింది బోల్టు దగ్గర మొదలై తుప్పు రంగులో, వెంట్రుకంత సన్నగా మూడంగుళాలు దిగింది. మరకేమోనని గోటితో గీకాను. గోరు అంచు అందులోకి దిగింది. రేకు చీలింది.

ఉండేది హనుమకొండలో. సోలార్ పంపులు బిగించడం, చెడిపోతే బాగుచేయడం నా పని. వారంలో మూడు నాలుగు రోజులు ములుగు, గోవిందరావుపేట, తాడ్వాయి, ఏటూరునాగారం వైపే తిరుగుతుంటాను. 163వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్నంతసేపు ఏ బాధా లేదు. దాన్ని వదిలి పొలాల దారి పట్టాకే బండికీ నడుముకూ పరీక్ష. పస్రా దాటి మట్టిదారిలోకి దిగగానే వెనక నుంచి టకటకమని చప్పుడు రావడం అప్పటికే నెల రోజులుగా వింటున్నాను. పానాల పెట్టె అనుకుని దాని కింద గోనెపట్టా మడతపెట్టి వేశాను. చప్పుడు తగ్గలేదు, నేను వినడం మానేశాను.

ఇందులో నా తప్పు ఒకటుంది. బండితో పాటు వచ్చిన టైర్ల కొలత 215/75 ఆర్15. అవి అరిగినప్పుడు, బురదలో పట్టు బాగుంటుందని 235/75 వేయించాను. స్టెప్నీతో కలిపి ఐదూ మార్చాను. టైరు ఎత్తు మూడు సెంటీమీటర్లే పెరిగింది కదా అని మురిసిపోయానే గాని, బరువు సంగతి తలచుకోలేదు. నాలుగు టైర్ల బరువు నేల మోస్తుంది. ఐదోదాన్ని మోయాల్సింది ఆ తలుపు.

మొదట ఇంటికి దగ్గరలోని ఒక వెల్డింగు షాపుకు తీసుకెళ్ళాను. చీలిక మీద ఎనిమిది మిల్లీమీటర్ల మందం పలక పెట్టి, చుట్టూ వెల్డింగు చేసి, రంగు కొట్టి ఇచ్చారు. "ఇక ఏనుగెక్కినా కదలదు సార్" అన్నారు. నిజమే, పలక కదల్లేదు. రెండు నెలలకు పలక అంచు వెంబడి కొత్త చీలిక వచ్చింది, ఈసారి రెండు వైపులా. ఎందుకో అర్థం కావాలంటే పలుచని అట్టముక్కకు రూపాయి బిళ్ళ అంటించి వంచి చూడండి. బిళ్ళ అంచు దగ్గరే మడత పడుతుంది. తలుపు రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు. దాని నడుమ వంగని పలక అతికిస్తే, ఊగుడంతా ఆ అంచు మీదికే చేరుతుంది.

వెనక బంపరు దగ్గర ఛాసిస్‌కు వేరే చెయ్యి బిగించి, టైరును దాని మీదికి మార్చేయమని ఇద్దరు ముగ్గురు చెప్పారు. గేటులా తెరుచుకునే ఆ స్టాండు చూడటానికి దర్జాగానే ఉంటుంది, తలుపు మీద బరువూ పోతుంది. మనసు లాగింది కూడా. కానీ కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019లో చేసిన సవరణ తర్వాత ఒక్కో మార్పుకు ఐదువేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉండవచ్చు. పైగా ఆ చెయ్యి నంబరు ప్లేటుకూ లైటుకూ అడ్డం వచ్చేలా ఉంది. రోజూ రోడ్డు మీద తిరిగే బండికి ఆ తలనొప్పి ఎందుకని, స్టాండు ఉన్న చోటే ఉంచి తలుపునే గట్టిచేయాలని నిర్ణయించుకున్నాను.

ఆటోనగర్‌లో ఒక పెద్దాయన ఉన్నాడు. అందరూ చాచా అనే పిలుస్తారు, నేనూ అంతే. ఆయన చీలిక వైపు కన్నెత్తి చూడలేదు. తలుపు సగం తెరిచి, గడియ వైపు చివరను రెండు చేతులతో పట్టుకుని పైకెత్తాడు. తలుపు కడక్ మని లేచింది.

"చూశావా బేటా, రేకు తర్వాత సంగతి. ముందు కీళ్ళు పోయాయి."

స్కేలు పెట్టి కొలిస్తే ఆ చివర ఏడు మిల్లీమీటర్లు ఆడుతోంది. గడియ కొక్కెం కింది భాగం రాపిడికి వెండిలా మెరుస్తోంది. నేను నెల రోజులు విన్న టకటక అదే. పానాల పెట్టెకు మనసులో క్షమాపణ చెప్పుకున్నాను.

స్టెప్నీ విప్పి పక్కనున్న పాత ఇనుము కొట్టు కాటా మీద పెట్టించాడు. రిమ్ముతో కలిపి 31 కిలోలు. టైరు నడిమి నుంచి కీళ్ళ దాకా 60 సెంటీమీటర్లు, పై కీలుకూ కింది కీలుకూ మధ్య 40. తలుపు తెరిచినప్పుడు ఒక్క టైరే పై కీలును 46 కిలోలకు పైగా బలంతో బయటికి లాగుతుంది, కింది కీలును అంతే బలంతో లోపలికి నెడుతుంది. తలుపు సొంత బరువు దీనికి అదనం. ఈ లెక్క నేను ఫోనులో వేసి చూపిస్తే చాచా నవ్వి, "కీళ్ళ పిన్నులు ఎందుకు అరిగాయో ఇప్పుడు నీ ఫోనుకు తెలిసింది" అన్నాడు.

రెండు రోజుల పని. మొదటి పూట అంతా విప్పడమే. బ్యాటరీ రెండు తీగలూ తీసి పక్కన పెట్టాడు. వెల్డింగు కరెంటు పొరపాటున బండిలోని కంప్యూటర్ దాకా వెళితే నష్టం తలుపుతో ఆగదు. లోపలి అట్ట, వైపర్ మోటారు, బ్రేకు లైటు తీగలు బయటికి తీశాక తలుపు అడుగున చూస్తే పిడికెడు ఎండిన బురద. నీళ్ళు కారిపోవడానికి వదిలిన రంధ్రాలు పూర్తిగా మూసుకుపోయాయి. వానాకాలం నీళ్ళన్నీ లోపలే నిలిచి తుప్పుకు విందు చేశాయి. ఆ రంధ్రాలను నెలకోసారి పుల్లతో పొడిచి ఉంటే సగం తుప్పు వచ్చేది కాదు.

పాత పలకను గ్రైండరుతో కోసి తీశాక, చీలిక రెండు కొసలూ వెతికి ఒక్కో కొస దగ్గర మూడు మిల్లీమీటర్ల రంధ్రం వేశాడు. చీలిక కొస సూదిలా ఉంటే ఊగినప్పుడల్లా ముందుకు పాకుతుంది, గుండ్రటి రంధ్రంలోకి వస్తే ఆ బలం చుట్టూ పరుచుకుంటుంది. ఆ తర్వాతే వెల్డింగు. అది కూడా ఒకేసారి గీసినట్టు కాకుండా, ఇక్కడో అంగుళం, అక్కడో అంగుళం, వేడికి రేకు వంకరపోకుండా మధ్యలో తడిగుడ్డతో తుడుస్తూ. డీజిల్ ట్యాంకు వైపు తడి గోనెసంచులు వేలాడదీశాడు.

నాకు బాగా నచ్చిన పని లోపల జరిగింది. రెండు మిల్లీమీటర్ల రేకును టోపీ ఆకారంలో వంచి, కీళ్ళ వైపు నుంచి గడియ వైపు దాకా తలుపు లోపల అడ్డంగా ఒక పట్టీ వేశాడు. కొసలను ఉలినాలుకలా సన్నగా చెక్కాడు, బలం ఒక్క చోట తెగకుండా. స్టాండు బోల్టులు ఇప్పుడు ఆ పట్టీలోంచి వెళతాయి. బోల్టు వెళ్ళే ప్రతి చోటా లోపలి రేకుకూ బయటి రేకుకూ నడుమ ఇనుప గొట్టం ముక్క పెట్టాడు. తలుపు బోలుగా ఉంటుంది, అది లేకుండా గట్టిగా బిగిస్తే డబ్బాలా నొక్కుకుపోతుంది. నొక్కుకుపోయిన కొద్దీ బోల్టు వదులవుతుంది. నాలుగు గొట్టం ముక్కలకు పట్టింది అరగంట. మొదటి షాపువారు ఆ అరగంట ఖర్చు చేయలేదు.

కీళ్ళలో పిన్ను చుట్టూ కూర్చునే ఇత్తడి బుష్‌లు లేతు మీద కొత్తవి తిప్పించాం, పిన్నులు మార్చాం. రెడ్ ఆక్సైడ్, రంగు మామూలే.

బోల్టుల దగ్గర చిన్న పందెం. తలల మీద 8.8 అని బలం గ్రేడు అచ్చు ఉన్న పది మిల్లీమీటర్ల బోల్టులు. వాటిని 45 న్యూటన్ మీటర్లకు బిగించాలని నా టార్క్ పానా తెచ్చాను, పెట్టిన బిగువు చేరగానే అది టిక్కుమంటుంది. చాచా మామూలు పానాతో చేతి అంచనా మీద బిగించి, ఇప్పుడు కొలుచుకోమన్నాడు. మూడు బోల్టుల దగ్గర నా పానా కదలకుండానే టిక్కుమంది. నాలుగోది పావు చుట్టు తిరిగింది. ఆయన దాన్ని కాసేపు చూసి, "అది నువ్వు మాట్లాడిస్తున్నప్పుడు బిగించింది" అన్నాడు.

చివరగా రబ్బరు బుడిపెలు. తలుపు మూసినప్పుడు బరువులో కొంత బండి మీద ఆనాలంటే అవి నొక్కుకోవాలి. నడుమ వార్తాపత్రిక ముక్క పెట్టి తలుపు మూసి లాగాడు. కాగితం జారి వచ్చేసింది. బుడిపె కింద వాషరు వేశాడు, మళ్ళీ జారింది. ఇంకొకటి వేశాక కాగితం చిరిగింది. "ఇప్పుడు సరే" అన్నాడు.

అంతా కలిపి 9,400 రూపాయలు. మొదటి పలకకు ఇచ్చిన 1,800 వేరు.

మరుసటి వారం తాడ్వాయి వెళ్ళొచ్చాను. 200 కిలోమీటర్ల తర్వాత బోల్టులు మళ్ళీ చూస్తే ఒక్కటీ కదల్లేదు. తలుపు చివర పట్టుకుని ఎత్తితే బండి ఊగుతోంది గాని తలుపు ఆడటం లేదు. వెనక వైపర్ మాత్రం తిరగడం లేదు. చాచాకు ఫోను చేస్తే, "తీగ తగిలించడం మరిచిపోయాను. వానలు రాకముందు తీసుకురా" అన్నాడు. ఇంకా వెళ్ళలేదు.