4217కి చేస్తే 4217లోనే మోగాలి

మా ఆఫీసులో 80 మందికి కలిపి ఎనిమిది అనలాగ్ లైన్లు ఉండేవి. ఎవరికి ఫోన్ వచ్చినా ముందు రిసెప్షన్‌లోనే మోగేది. ఎవరు కావాలో అడిగి, ఎక్స్‌టెన్షన్‌కి కలిపి, అవతల ఎత్తకపోతే మళ్లీ తనే అందుకుని... రిసెప్షన్‌లో కూర్చునే ఆవిడ ఒక్క పూట సెలవు పెట్టారంటే ఆఫీసు మొత్తం మూగబోయేది. మామూలు అనలాగ్ లైన్‌తో వచ్చే చిక్కే అది. ఎక్స్‌ఛేంజ్ ఆ తీగ మీద రింగ్ పంపుతుంది, అంతే. ఏ నంబర్ కొట్టారో చెప్పదు.

అందుకని ఒక డిజిటల్ లైన్, దానిమీద వంద డీఐడీ నంబర్లు (బయటివాళ్లు నేరుగా ఎక్స్‌టెన్షన్‌కే చేసే నంబర్లు) తీసుకోవాలని పైవాళ్లు నిర్ణయించారు. చివరి నాలుగంకెలు 4200 నుంచి 4299 దాకా. ఎవరి నంబర్ కొడితే వాళ్ల బల్ల మీదే మోగాలి, వాళ్లు బయటికి చేస్తే వాళ్ల నంబరే పడాలి. వినడానికి ఎంత తేలిక! కంప్యూటర్లు చూసేది నేనే కాబట్టి పని నా నెత్తిన పడింది.

వంద నంబర్లంటే వంద లైన్లని చాలామంది అనుకున్నారు. మొదట్లో నేనూ అనుకున్నాను. నంబర్ వేరు, ఛానల్ వేరు. మేం తీసుకున్నది ఈ1 అనే డిజిటల్ లైన్ మీద నడిచే పీఆర్ఐ, అంటే ఒకే తీగ మీద చాలా కాల్స్ మోసే కనెక్షన్. 2.048 ఎంబీపీఎస్ లైన్‌ని 64 కేబీపీఎస్ చొప్పున 32 భాగాలు చేస్తారు. 0వ భాగం రెండు వైపులనీ ఒకే లయలో ఉంచడానికి, 16వది సిగ్నలింగ్‌కి, అంటే కాల్ వివరాలు చెప్పుకోవడానికి పోతాయి. మాటలకు మిగిలేవి 30. టీ1 అనే ఇంకో రకం లైన్ వాడే చోట్ల ఇవి 23 మాత్రమే. అంటే నంబర్లు వందున్నా, 31వ మనిషికి ఎంగేజ్ వస్తుంది. ఎనిమిది లైన్లతోనే నెట్టుకొచ్చినవాళ్లం, మాకు 30 ధారాళం.

లైన్ బిగించిన రోజు ఎర్ర లైటు పోలేదు. లైన్‌లో తప్పులు పట్టే సీఆర్‌సీ4 అనే సెట్టింగ్ లైన్ ఇచ్చినవాళ్ల వైపు ఆన్, మా వైపు ఆఫ్. ఒక్క టిక్కుతో తీరింది. తర్వాత మాటల మధ్య టిక్, టిక్ శబ్దాలు, సగంలో తెగిపోయే ఫ్యాక్సులు. మా పీబీఎక్స్ (ఆఫీసు ఫోన్లను కలిపే యంత్రం) ఎక్స్‌ఛేంజ్ గడియారాన్ని పట్టుకోకుండా సొంత గడియారంతో నడుస్తోంది. అదీ సర్దాం.

అసలు కథ డీఐడీ దగ్గర మొదలైంది. నా సెల్ నుంచి 4217తో ముగిసే నంబర్‌కి చేస్తే, ఈ నంబర్ వాడుకలో లేదని రికార్డు వినిపించింది. లైన్ ఇచ్చిన కంపెనీ టెక్నీషియన్‌కి చెప్తే, "కాల్ మీ దాకా వస్తోంది సార్, మీరే తిప్పికొడుతున్నారు" అన్నాడు. పీబీఎక్స్ అమ్మినవాళ్లేమో "లైన్‌లోనే ఏదో ఉంది, వాళ్లనే అడగండి" అన్నారు. ఇద్దరి మధ్యా రెండు రోజులు బంతిలా తిరిగాను.

మూడో రోజు విసుగొచ్చి నేనే పీబీఎక్స్‌లో సిగ్నలింగ్ ట్రేస్, అంటే వచ్చే పోయే మెసేజ్‌లన్నీ చూపించేది, ఆన్ చేశాను. ఈ పని మొదటి రోజే చేయాల్సింది. ప్రతి కాల్‌కీ ముందు సెటప్ అనే మెసేజ్ వస్తుంది. ఏ ఛానల్, ఎవరు చేస్తున్నారు, ఏ నంబర్‌కి చేస్తున్నారు అన్నీ అందులోనే ఉంటాయి. తెర మీద బారులు తీరిన అంకెల్లో చేరాల్సిన నంబర్ దగ్గర కనిపించింది 217. ముందున్న 4 లేదు. ఎక్స్‌ఛేంజ్ చివరి మూడంకెలే పంపుతోంది, మా పీబీఎక్స్ నాలుగంకెల కోసం ఎదురుచూస్తోంది. 217 అనే ఎక్స్‌టెన్షన్ లేదు కాబట్టి కాజ్ కోడ్ 1, అంటే ఎవరికీ కేటాయించని నంబర్ అని తిప్పి పంపుతోంది. టెక్నీషియన్ అన్నదీ నిజమే, పీబీఎక్స్ వాళ్లు అన్నదీ సగం నిజమే! వచ్చిన అంకెల ముందు 4 చేర్చమని ఒక రూల్ రాశాను. మోగింది. ఎన్ని అంకెలు పంపుతారో ఆర్డర్ ఇచ్చిన రోజే కంపెనీని అడిగి రాయించుకుని ఉంటే ఈ మూడు రోజులూ మిగిలేవి. ఎవరికీ ఇవ్వని నంబర్లకి వచ్చే కాల్స్ రిసెప్షన్‌కి వెళ్లేలా ఇంకో రూల్ కూడా పెట్టాను.

ఇక వచ్చే కాల్స్‌లో నంబర్ పడటం. అనలాగ్‌లో చాలాచోట్ల మొదటి రింగుకీ రెండో రింగుకీ మధ్య నంబర్ వస్తుంది. తొందరపడి ఎత్తితే పోయినట్టే. డిజిటల్‌లో ఆ బాధ లేదు, సెటప్ మెసేజ్‌లోనే నంబర్ ఉంటుంది కాబట్టి మోగకముందే చేతికొస్తుంది. నంబర్లు చక్కగా పడుతున్నాయి కూడా. కానీ మిస్డ్ కాల్ చూసి తిరిగి చేస్తే ఒక్కటీ కలవదు. ముందుండాల్సిన సున్నా లేదు. మళ్లీ ట్రేస్ తీశాను. నంబర్‌తో పాటు అది ఏ రకమో కూడా విడిగా వస్తోంది: దేశీయమా, అంతర్జాతీయమా, తెలియదా. దేశీయం అని చెప్పాక సున్నా ఎందుకన్నది ఎక్స్‌ఛేంజ్ లెక్క. రకాన్ని బట్టి సున్నానో, రెండు సున్నాలో చేర్చి, బయటి లైన్ కోసం నొక్కే అంకెని కూడా వాటి ముందు పెట్టేశాను. ఈ పని పీబీఎక్స్ చేయాలి గానీ, 80 మంది చేత గుర్తుపెట్టించడం అయ్యే పనా?

కావాలని నంబర్ దాచినవాళ్లవీ, అసలు నంబరే అందని కాల్సూ సిగ్నలింగ్‌లో వేరువేరు. మా ఫోన్లు రెండింటినీ ఒకేలా "అనామకం" అని చూపించేవి, జనం ఎత్తడం మానేశారు. రెండూ విడదీసి చూపించాక కొంత మారారు.

బయటికి చేసే కాల్స్ అన్నింటికన్నా ఏడిపించాయి. ఎవరు చేసినా పైలట్ నంబరే, అంటే ఆఫీసు ప్రధాన నంబరే పడుతోంది. మేం 4217 అని నాలుగంకెలు పంపుతున్నాం, ఎక్స్‌ఛేంజ్ దాన్ని లెక్కచేయడం లేదు. మేం పంపే నంబర్‌ని చూపించే సౌకర్యం కంపెనీ దగ్గర ఆన్ చేయించి, పూర్తి నంబర్‌ని దేశీయం అనే రకంతో పంపితే గానీ కుదరలేదు. ఎక్స్‌ఛేంజ్ ఊరికే నమ్మదు. మనం పంపిన నంబర్ మనకిచ్చిన వందలో ఉందా అని చూస్తుంది, లేకపోతే పైలట్ నంబర్ పెట్టేస్తుంది.

తీరా అందరి నంబర్లూ పడుతున్నాయనగానే సపోర్ట్ టీమ్ వాళ్లు వచ్చారు. కస్టమర్లు రాత్రీ పగలూ నేరుగా తమకే చేస్తున్నారట, పాత పద్ధతే నయమట. వాళ్ల వరకు మళ్లీ పైలట్ నంబర్ పెట్టాను. అత్యవసర సేవలకు చేసే కాల్స్‌లో మాత్రం ఎప్పుడూ మనిషి ఉండే బల్ల నంబర్ వెళ్లేలా చూశాను, వాళ్లు తిరిగి చేస్తే ఎవరో ఒకరు ఎత్తాలి కదా.

ఒక్కటి అలాగే ఉండిపోయింది. సెలవు మీద వెళ్లేవాళ్లు బల్ల మీది ఫోన్‌ని తమ సెల్‌కి ఫార్వర్డ్ పెట్టుకుంటారు. అప్పుడు అసలు చేసినవాళ్ల నంబర్ పడాలని అడిగారు. అది మా వందలో లేని నంబర్ కాబట్టి ఎక్స్‌ఛేంజ్ తీసేసి పైలట్ నంబర్ పెడుతుంది. తనిఖీ లేకుండా వదలమని కంపెనీని అడిగితే ఒప్పుకోలేదు. నాకూ కోపం రాలేదు, అలా వదిలితే ఎవరి పేరుతోనైనా ఎవరైనా ఫోన్ చేయొచ్చు. ఇప్పుడు కస్టమర్ చేసినా వాళ్ల సెల్‌లో పడేది ఆఫీసు నంబరే. సెలవులో ఉన్నప్పుడు ఆ నంబర్ చూసి ఎత్తేవాళ్లు నాకింతవరకు ఒక్కరూ తగల్లేదు.