మృదంగంగాడి గదిలో ‘ఎనర్జీ’

మెస్ సాంబారు గురించీ, ల్యాబ్ వైవాల గురించీ మన ఇంజినీరింగ్ బ్యాచ్ జ్ఞాపకాల ఈ సంచికలో ఎవరో ఒకరు రాసే ఉంటారు. నేను ఒక పాటల సీడీ గురించి రాస్తాను. 1999లో, మనం మూడో ఏడాదిలో ఉండగా, హాస్టల్లో మృదంగం వాయించే మన మృదంగంగాడికి కాలిఫోర్నియా నుంచి వాళ్ల బావ పంపించాడు. వీడు అడిగింది ఏదో ఫ్యూజన్ కచేరీ. వచ్చింది ఆపరేషన్ ఐవీ అనే బ్యాండ్ ‘ఎనర్జీ’.

మొదటిసారి పెట్టినప్పుడు స్పీకర్ పోయిందనుకున్నాం. పాడేవాడు గొంతు చించుకుంటున్నాడు. చెవి అలవాటుపడేలోగా పాట అయిపోయి ఇంకోటి మొదలవుతోంది. కాసేపటికి మృదంగంగాడు మంచం మీద లేచి కూర్చుని తొడమీద తాళం వేశాడు. “ఒరేయ్, దెబ్బ పడేచోట గిటార్ లేదురా. రెండు దెబ్బల మధ్య వాయిస్తున్నాడు!”

అదే స్కా అనే సంగీతం. 1950ల చివర్లో జమైకాలో పుట్టి, ఇంగ్లండ్ చుట్టి, అమెరికాలో పంక్ (వేగంగా, గట్టిగా అరిచే రాక్) కుర్రాళ్ల చేతిలో పడింది. మామూలుగా ఇందులో ట్రంపెట్లూ, ట్రాంబోన్లూ హోరెత్తిస్తాయి. వీళ్లు మాత్రం నలుగురే: పాటకు జెస్సీ మైఖేల్స్, గిటార్ టిమ్ ఆర్మ్‌స్ట్రాంగ్, బేస్ గిటార్ మాట్ ఫ్రీమన్, డ్రమ్స్ డేవ్ మెల్లో. బాకాలు లేని లోటు ఆ బేస్ తీర్చేది. ఒక్కచోట నిలబడదు, పరుగే పరుగు. నాకైతే ఆ ఆల్బంలో అసలు హీరో బేసే.

బ్యాండ్ 1987లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో పుట్టింది. పేరు 1952లో పసిఫిక్‌లో అమెరికా జరిపిన అణుబాంబు పరీక్షలది; మొదటి హైడ్రోజన్ బాంబు పరీక్ష అందులోదే. 1989లో లుకౌట్ రికార్డ్స్ అనే సంస్థ ఈ ఒక్క ఆల్బం వేసింది, ఆ మేలోనే వీళ్లు విడిపోయారు. మన దగ్గరికొచ్చింది 1991 నాటి సీడీ. అంతకుముందు వేసిన చిన్న రికార్డు పాటలూ, ఒక సంకలనంలోని రెండు పాటలూ కూడా కలిపి మొత్తం 27.

అందులో ‘నాలెడ్జ్’ అనే పాట మన హాస్టల్ వింగ్ జాతీయగీతం. పేరు నాలెడ్జ్, పాడేదేమో తనకేమీ తెలియదని. సెమిస్టర్ పరీక్షల ముందు రాత్రి అంతకన్నా నిజం ఎవరు చెబుతారు? ఆ టెన్షన్‌లో గొంతులు కలిపి అరిచినందుకే స్పీకర్లు వార్డెన్ గదికి వెళ్లాయి. తర్వాత గ్రీన్ డే అనే పేరున్న బ్యాండ్ వాళ్లు కూడా ఆ పాట పాడారని తెలిసి, ఏదో మనల్నే గుర్తించినట్టు మురిసిపోయాం.

2006లో ఉద్యోగం మీద అటు వెళ్లినప్పుడు, వీళ్లు ఎదిగిన 924 గిల్మన్ స్ట్రీట్ అనే సంగీత క్లబ్బు చూశాను. గోడౌన్ల మధ్య ఇటుకల కట్టడం. పక్కనే కుర్చీలకు పేము అల్లే సామాను అమ్మే దుకాణం. క్లబ్బు నడిపేది వాలంటీర్లు. లోపల మందు నిషేధం, జాతి వివక్ష నిషేధం. ఇంజినీరింగ్ చదివినవాడిని కదా, ముందు వైరింగ్ చూసి భయపడ్డాను.

శనివారం రాత్రి ఎనిమిదిన్నర. ఎవరో పిల్లలు వాయిస్తున్నారు. విజయవాడలో ఆదివారం ఉదయం తొమ్మిది. మృదంగంగాడికి ఫోన్ చేసి, స్పీకర్ల వైపు పట్టుకుని నిలబడ్డాను. పాట అయ్యాక చెవి దగ్గర పెట్టుకుంటే ఒకటే మాట: “డ్రమ్మర్ పరిగెడుతున్నాడ్రా, కాస్త ఆగమను.”