చుట్టపు చూపుగా విశాఖ

2006 నుంచి 2015 దాకా విశాఖపట్నంలో ఉన్నాను. ఉద్యోగం గాజువాక వైపు, అద్దె ఇల్లు ఎంవీపీ కాలనీలో. ఆ తొమ్మిదేళ్లలో బీచ్ రోడ్డులో సబ్‌మెరైన్ మ్యూజియం ముందు నుంచి ఎన్ని వందల సార్లు వెళ్లానో లెక్కలేదు. లోపలికి మాత్రం ఒక్కసారీ అడుగు పెట్టలేదు. ఊళ్లో ఉన్నదే కదా, ఎప్పుడైనా చూడొచ్చులే అనుకున్నాను. ఇంతలో హైదరాబాద్‌కి వచ్చేశాను. 2024 డిసెంబరులో మూడు రోజులు సెలవు దొరికితే, ఈసారి టూరిస్టులా ఊరంతా తిరిగి రావాలని గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీసుకున్నాను.

ఎవరికీ చెప్పకుండా హోటల్ బుక్ చేసుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. విశాఖలో నాకు ముగ్గురు ప్రాణస్నేహితులు. వాళ్లలో ఒకడితో మూడేళ్లుగా మాటల్లేవు. 2021 మేలో, కరోనా రెండో వేవ్‌లో వాళ్ల నాన్నగారు పోయారు. నేను వెళ్లలేకపోయాను. అప్పుడు ఎవరూ ఎక్కడికీ వెళ్లలేదు, అది వేరు. కానీ ఫోన్ చేసి ఏం మాట్లాడాలో తెలియక ఒక మెసేజ్ పెట్టి ఊరుకున్నాను. వాడు జవాబివ్వలేదు. రోజులు గడిచేకొద్దీ ఫోన్ చేయడం ఇంకా కష్టమైపోయింది.

దువ్వాడ దాటేసరికి మెలకువ వచ్చింది. గోపాలపట్నం, మర్రిపాలెం, ఆ తర్వాత స్టేషన్. ఇదివరకైతే దిగగానే సిటీ బస్సు కోసం పరుగు. ఇప్పుడు ఆటో ఎక్కి హోటల్ పేరు చెప్పాను. తొమ్మిదేళ్లు బతికిన ఊళ్లో గది తాళం తీసుకుని బ్యాగు దించుకోవడం మనసుకు కష్టంగా అనిపించింది.

మధ్యాహ్నం నేరుగా సబ్‌మెరైన్ దగ్గరికే వెళ్లాను. ఐఎన్ఎస్ కురుసుర సోవియట్ యూనియన్‌లో తయారైంది. 1969లో మన నౌకాదళంలో చేరింది, 1971 యుద్ధంలో గస్తీ తిరిగింది, 2001లో రిటైరైంది. మరుసటి ఏడాది ఒడ్డుకు చేర్చి మ్యూజియం చేశారు. బయటి నుంచి చూస్తే 91 మీటర్ల పొడవున ఎంతో పెద్దగా కనిపిస్తుంది. లోపలికి వెళ్తే గానీ అసలు సంగతి తెలియదు. ముందువైపు ఆరు, వెనకవైపు నాలుగు టార్పెడో గొట్టాలు. మధ్యలో ఇంజన్లు, బ్యాటరీలు, ఎటు చూసినా పైపులు, మీటర్లు. మనుషులకు మిగిలింది వాటి మధ్య సందులే. ఒక గది నుంచి ఇంకో గదిలోకి గుండ్రటి రంధ్రంలాంటి తలుపులోంచి దూరాలి. గైడు నేవీలో చేసి రిటైరైన పెద్దాయన. ప్రతి తలుపు దగ్గరా ఆగి, "కాలు ముందు పెట్టండి, తల తర్వాత" అని ఓపిగ్గా చెబుతున్నారు. గోడకు అతికించినట్టున్న పడకలు చూస్తూ ఉండిపోయాను. ఇందులో డెబ్బై మందికి పైగా, రోజుల తరబడి ఎండ మొహం చూడకుండా ఉండేవాళ్లు. విశాఖ వెళ్లినవాళ్లు ఇంకేది వదిలేసినా ఇది వదలొద్దు. సోమవారం సెలవు, అది చూసుకోండి.

ఎదురుగా టీయూ-142 విమానం కూడా చూశాను. నేను ఊరు వదిలాక, 2017లో వచ్చింది అది. 29 ఏళ్లు సముద్రం మీద నిఘా కాసిన విమానమట. కైలాసగిరి మీద రోప్‌వే ఎక్కాను, బాగుంది.

సాయంత్రం ఆగలేక పోర్టులో పనిచేసే స్నేహితుడికి ఫోన్ చేశాను. అరగంటలో హోటల్‌కి వచ్చేశాడు. స్టీల్‌ప్లాంట్‌లో చేసే ఇంకొకణ్ణి కూడా వెంటబెట్టుకొచ్చాడు. "ఏటిరా ఇది? మేమంతా ఉండగా హోటల్లో దిగుతావా?" అన్నాడు. నిజంగానే కోపం వచ్చింది వాడికి. రాత్రి పదకొండు దాకా బీచ్ గోడ మీద కూర్చున్నాం. లేవబోతుండగా, "భీమిలి వెళ్లావా?" అని అడిగాడు. లేదన్నాను. "వాడు నీ గురించి అడుగుతుంటాడు" అని మాత్రం అన్నాడు.

మర్నాడు 900కె బస్సెక్కాను. రుషికొండ దాటాక కుడివైపంతా సముద్రమే. భీమిలి దాకా టికెట్ తీసుకున్నా, ధైర్యం చాలక తొట్లకొండ దగ్గరే దిగిపోయాను. కొండ మీద రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధారామం ఉంది. రాతిలో తొలిచిన నీళ్ల తొట్లే ఆ కొండకు పేరు. భిక్షువుల గదుల పునాదులు వరసగా ఉన్నాయి. పైన నేనూ, గాలీ, కింద సముద్రం. అక్కడ కూర్చుంటే హుద్‌హుద్ తుఫాను గుర్తొచ్చింది.

2014 అక్టోబరు 12, ఆదివారం. మా కింది వాటాలో వాడూ, వాళ్ల నాన్నగారూ, భార్యా, ఆరు నెలల పాపా ఉండేవారు. గాలికి మా కిటికీలు పగిలిపోతే కిందికి పరిగెత్తాను. నాన్నగారు తలుపుకి బీరువా అడ్డం పెట్టించి, అందరం కలిసి దాన్ని ఆనుకుని నిలబడ్డాం. మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. అయిపోయిందనుకుని నేను బయటికి వెళ్లబోతే ఆయన చెయ్యి పట్టుకుని లాగారు. "ఆగు బాబూ, ఇది తుఫాను కన్ను. ఇంకా సగం ఉంది." కాసేపటికి గాలి మళ్లీ మొదలైంది, ఈసారి రెండో వైపు నుంచి. మా వీధిలో అప్పటిదాకా నిలబడ్డ చెట్లు అప్పుడు పడ్డాయి. ఆ మనిషి పోతే నేను ఒక మెసేజ్ పెట్టాను.

తరవాతి బస్సులో భీమిలి వెళ్లాను.

తలుపు వాళ్లావిడ తీసింది. "అన్నయ్యా, మీరా!" అని లోపలికి పిలిచింది. గోడ మీద నాన్నగారి ఫోటో. వాడు వచ్చి పక్కన నిలబడ్డాడు. నేను ఏదో చెప్పబోతే, "నువ్వు రాలేదని కాదురా. నీ గొంతు వినపడుతుందని చూశాను. అంతే" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. వాడు మంచినీళ్లు తెచ్చిచ్చి ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాడు.

కాసేపటికి బడి నుంచి పాప వచ్చింది. పదేళ్లది. నన్ను పరీక్షగా చూసి, "పాల పెదనాన్న మీరేనా?" అంది. తుఫాను తర్వాత పాలు దొరకని రోజుల్లో పాప కోసం తెల్లవారుజామునే వెళ్లి క్యూలో నిలబడేవాణ్ణి. ఆ సంగతి తాతయ్య దానికి చెప్పేవారట. ఆయన నన్ను అలా గుర్తుపెట్టుకున్నారని నాకు తెలియదు.

సాయంత్రం గోస్తని సముద్రంలో కలిసే చోటికి ముగ్గురం నడిచాం. దారిలో పాత డచ్చి సమాధులు చూపించింది పాప. చీకటి పడ్డాక, హోటల్ ఖాళీ చేసి బ్యాగు తెచ్చుకుందాం పద అని వాడు కూడా నాతో బస్సెక్కాడు. సముద్రం కనబడటం లేదు, చప్పుడు మాత్రం కిటికీలోంచి వస్తోంది. రుషికొండ దాటాక నాన్నగారి చివరి పది రోజుల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఆక్సిజన్ కోసం తిరిగింది, ఆయన ఫోన్లో మాట్లాడిన ఆఖరి మాటలు, అన్నీ. బస్సు ఆర్టీసీ కాంప్లెక్స్ చేరినా వాడు చెప్పడం అవలేదు. దిగి, అక్కడే బెంచీ మీద కూర్చున్నాం.