సింథసైజర్‌కి మూడు ఎల్ఎఫ్ఓలు కట్టుకున్నాను

సొంతంగా మాడ్యులర్ సింథసైజర్, అంటే విడి మాడ్యూళ్ళని వైర్లతో కలుపుకుని వాయించే ఎలక్ట్రానిక్ వాద్యం, కట్టాలనుకునేవాళ్ళు చాలామంది శబ్దం పుట్టించే ఆసిలేటర్‌తో మొదలుపెడతారు. నేను ఎల్ఎఫ్ఓతో, అంటే లో ఫ్రీక్వెన్సీ ఆసిలేటర్‌తో మొదలుపెట్టాను. ఎవరైనా అడిగితే అదే చెబుతాను కూడా. దీని అల చెవికి వినపడేది కాదు, చాలా నెమ్మది. మనం నాబ్ పట్టుకుని తిప్పుతూ కూర్చునే పనిని అది వోల్టేజితో చేసిపెడుతుంది. ధ్వనిలో కొంత భాగాన్ని ఆపే ఫిల్టర్‌ని తెరిచి మూస్తుంది, స్వరాన్ని వణికిస్తుంది. ఆడియో ఆసిలేటర్ సరిగ్గా ఊగుతోందో లేదో చూడాలంటే అలని తెర మీద చూపే ఆసిలోస్కోప్ ఉండాలి. ఎల్ఎఫ్ఓకి మామూలు మల్టీమీటర్ చాలు.

సర్క్యూట్ పాతదే. టీఎల్072 ఐసీలో రెండు ఆప్-ఆంప్‌లు (ఆపరేషనల్ ఆంప్లిఫయర్లు) ఉంటాయి. ఒకటి ఇంటిగ్రేటర్, అంటే వచ్చిన వోల్టేజిని కూడుకుంటూ మెల్లగా ఎక్కేది, దిగేది. రెండోది ష్మిట్ ట్రిగ్గర్, అంటే హద్దు తాకగానే ప్లస్‌కో మైనస్‌కో ఠక్కున మారేది. ట్రిగ్గర్ అవుట్‌పుట్ ప్లస్ వైపు ఉన్నంతసేపూ ఇంటిగ్రేటర్ మెల్లగా కిందికి దిగుతుంది. ఒక హద్దు తాకగానే ట్రిగ్గర్ మైనస్‌కి మారుతుంది, ఇంటిగ్రేటర్ మళ్ళీ పైకెక్కుతుంది. అలా ఒక చోట ట్రయాంగిల్ అల, ఇంకో చోట స్క్వేర్ అల, రెండూ ఒకేసారి దొరుకుతాయి. ప్లస్-మైనస్ 12 వోల్టుల సప్లై మీద టీఎల్072 దాదాపు పదిన్నర వోల్టుల దాకా వెళ్తుంది. ట్రిగ్గర్ దగ్గర 47కే, 100కే (కే అంటే కిలో ఓమ్) రెసిస్టర్లు పెడితే ట్రయాంగిల్ ఇంచుమించు ప్లస్-మైనస్ 5 వోల్టుల మధ్య ఊగుతుంది. యూరోర్యాక్ (మాడ్యులర్ సింథసైజర్లలో ఎక్కువగా వాడే ప్రమాణం) మాడ్యూళ్ళకి సరిగ్గా కావలసింది అదే.

వేగాన్ని నిర్ణయించేది ముఖ్యంగా కెపాసిటర్. దాని మీద వోల్టేజి అటూ ఇటూ మారుతుంది కాబట్టి ఎలక్ట్రోలైటిక్ పనికిరాదు, ఫిల్మ్ కెపాసిటర్ కావాలి. కోఠి గుజరాతీ గల్లీలో ఒక షాపులో "1 మైక్రోఫారడ్, నాన్-పోలార్" అని అడిగితే, "ఫ్యాన్ కెపాసిటరా అన్నా?" అన్నాడు కౌంటర్‌లో అబ్బాయి. ఫ్యాన్‌ది కూడా ఫిల్మ్ కెపాసిటరే, పనిచేస్తుంది కూడా, కాకపోతే ప్యానెల్ వెనక పట్టదు. వెతికి బాక్స్ టైపువి ఇచ్చాడు. 1 మైక్రోఫారడ్, 100కే రెసిస్టర్, వేగానికి 100కే పాట్ (నాబ్ తిప్పితే విలువ మారే రెసిస్టర్), దాని అడుగున 1కే పెడితే, గరిష్ఠంగా సెకనుకు అయిదు ఊపులు, కనిష్ఠంగా ఒక్క ఊపుకి దాదాపు 19 సెకన్లు. అదే 0.1 మైక్రోఫారడ్ అయితే అన్నీ పది రెట్లు వేగం. రెండూ పెట్టి మధ్యలో ఒక టోగుల్ స్విచ్ వేశాను.

ఐసీకి సాకెట్ పెట్టుకోవడం మంచిది. పిన్నులు ఒకటే కాబట్టి ఎల్ఎం358 కూడా గుచ్చి చూశాను. అది మైనస్ వైపు సప్లై దాకా దాదాపుగా దిగుతుంది కానీ ప్లస్ వైపు వోల్టున్నర ముందే ఆగిపోతుంది. దాంతో ట్రయాంగిల్ ఎక్కే సమయం, దిగే సమయం సమానంగా ఉండవు. టీఎల్072 మళ్ళీ పెట్టి, మీటర్ 20 వోల్టుల డీసీ రేంజిలో ఉంచి, పాట్ పూర్తిగా తగ్గించాను. అంకెలు 4.8 నుంచి మెల్లగా తగ్గుతూ, సున్నా దాటి, మైనస్ 4.8 దాకా పోయి, అక్కడే వెనక్కి తిరిగాయి. సర్క్యూట్ ఆలోచిస్తుంటే చూస్తున్నంత సంతోషం కలిగింది.

అసలు తలనొప్పి జీరో పీసీబీ (వరసగా రంధ్రాలుండే బోర్డు) మీద టంకం వేసి, కేసులో బిగించాక వచ్చింది. స్క్వేర్ అల మారిన ప్రతిసారీ స్పీకర్లో "టిక్" మని శబ్దం. ఎల్ఎఫ్ఓని ఏ మాడ్యూల్‌కీ కలపకపోయినా అంతే! అంటే అది సిగ్నల్ దారిలో రావడం లేదు, పవర్ లైన్లలోంచి వస్తోంది. స్క్వేర్‌కి తగిలించిన ఎల్ఈడీ ఒక్కసారిగా కరెంటు లాగడం, వదలడం వల్ల సప్లై కాస్త కదులుతుంది, ఆడియో మాడ్యూల్ ఆ కదలికను వినిపిస్తుంది. ఎల్ఈడీని ట్రయాంగిల్ వైపు మార్చి, ఒక బఫర్ (సిగ్నల్ మీద భారం పడకుండా చూసే ఆప్-ఆంప్) ద్వారా, పెద్ద రెసిస్టర్‌తో నడిపాను. రెండు పవర్ లైన్లలోనూ 10 ఓమ్‌ల రెసిస్టర్, 47 మైక్రోఫారడ్ కెపాసిటర్, ఐసీ కాళ్ళ పక్కనే 0.1 మైక్రోఫారడ్ పెట్టాను. టిక్ పోయింది. ఎల్ఈడీ కూడా ఇప్పుడు టపటపా కొట్టుకోకుండా మెల్లగా వెలిగి ఆరుతుంది.

ఒకటి చాలదా, మూడెందుకు అనొచ్చు. షడ్జమం, పంచమం కలిపి తంబురలా ఒక శ్రుతి పట్టి, ఒక ఎల్ఎఫ్ఓతో ఫిల్టర్‌ని ఊపితే కాసేపటికే చెవి పసిగట్టేస్తుంది. వేర్వేరు వేగాల్లో మూడింటిని ఫిల్టర్‌కి, వాల్యూమ్‌కి, రెండో ఆసిలేటర్ శ్రుతికి కొద్దికొద్దిగా ఇస్తే, ఆ మూడూ ఒకే చోట కలవడం అరుదు. అరగంట విన్నా విసుగు రాదు. గమకం మాత్రం ఇలా రాదు. స్వరాన్ని ఊపే కంపితమనే గమకానికి కూడా పాడేవాళ్ళు వేగాన్ని మార్చుకుంటూ పోతారు, యంత్రం వణుకు ఒకే తీరుగా ఉంటుంది. అందుకే నాలుగోదాన్ని వోల్టేజితో వేగం మారేలా కట్టబోతున్నాను. ఇంటిగ్రేటర్ ముందున్న రెసిస్టర్ స్థానంలో ఎల్ఎం13700 అనే, బయటినుంచి అదుపు చేయగల ఆంప్లిఫయర్ ఐసీ వస్తుంది. ఐసీ కొన్నాను, బ్రెడ్‌బోర్డు మీద పని మొదలైంది.