షట్టర్ల పైన మిగిలిన మేడ

విజయవాడ వన్‌టౌన్‌లో, కాళేశ్వరరావు మార్కెట్‌ నుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో, మా తాతగారు కట్టించిన ఇల్లు ఒకటి ఉంది. వాటాలు పంచుకున్నప్పుడు అది పెదనాన్న గారికి వచ్చింది, ఇప్పుడు మా అన్నయ్య, వదిన అందులో పైఅంతస్తులో ఉంటున్నారు, కింద రెండు బట్టల కొట్లు ఉన్నాయి. పడగొట్టి అయిదంతస్తుల కాంప్లెక్సు కడతామని ఒక బిల్డరు అడగడంతో, ఇంటిని వారసత్వ కట్టడంగా గుర్తించమని నగరపాలక సంస్థను కోరడానికి ఏమైనా అవకాశం ఉందా అని మొదట వదినే అడిగింది. పాలిటెక్నిక్‌లో భవన నిర్మాణం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక నా అభిప్రాయం అడిగారు. అందులో నాకు చారెడు వాటా కూడా లేదు కాబట్టి, ఉంచమని చెప్పడం నాకు సులభమనీ, దాని ఖర్చు భరించేది వాళ్ళేననీ ముందే గుర్తుపెట్టుకుని చూడాలనుకున్నాను.

అన్నయ్య మొదటి రోజే సూటిగా అడిగాడు. "తాతయ్య కట్టినది ఇందులో ఎంత మిగిలిందిరా? ముందు షట్టర్లు, నడుమ స్లాబు, వెనక బాత్‌రూములు. దీన్ని పాత ఇల్లు అంటే ఎవరైనా ఒప్పుకుంటారా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ఇంటిని కొలవాలి. వీధివైపు ముఖం 24 అడుగులు, లోతు 110 అడుగులు. అరుగులు పోయాయి. మండువా మీద స్లాబు పడింది. వెనక పెరడు ఉండవలసిన చోట నీళ్ళ ట్యాంకు ఉంది. పైఅంతస్తు మాత్రం దాదాపు మారలేదు: వీధి మీదికి వేసిన చెక్క వసారా, పోత ఇనుప కటకటాలు, రంగుటద్దాల వెంటిలేటర్లు, దాని వెనక మద్రాసు టెర్రస్ కప్పు. మద్రాసు టెర్రస్ అంటే తెలియనివారి కోసం చెబుతాను: టేకు దూలాల మీద సన్నని ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసల్లో సున్నంతో అతికించి, దానిమీద ఇటుక ముక్కలూ సున్నమూ కలిపిన పొర వేసి దిమ్మిసతో కొట్టి, ఆపైన నీరు దిగకుండా పలచని పెంకులు పరుస్తారు. అంత మందాన సున్నమూ ఇటుకా ఉన్న కప్పు కింద, మే నెల మధ్యాహ్నం కూడా, పక్కింటి స్లాబు గదిలో ఉండే సెగ ఉండదు. వసారా వాలు మీద బంగళా పెంకులున్నాయి. రెండు పెంకుల వెనుక బాసెల్ మిషన్ అనే స్విట్జర్లాండ్ క్రైస్తవ మిషనరీ సంస్థ వారి ముద్ర ఇంకా చదవగలిగేలా ఉంది. మంగుళూరులో 1865లో ఆ మిషన్ మొదలుపెట్టిన పెంకుల పరిశ్రమ సరుకు మన తీరానికి ఎంత దూరం వచ్చిందో ఆ రెండు పెంకులు చెబుతాయి. ముందు గోడ నెత్తిన గారతో పోసిన సంవత్సరంలో "19" మాత్రమే మిగిలింది, తక్కిన రెండు అంకెలూ కొట్టు బోర్డు వెనక ఎక్కడో ఉన్నాయి.

ఎంత శాతం మిగిలిందన్న లెక్క వల్ల ప్రయోజనం లేదని నాకు అక్కడే అనిపించింది. గోడలూ కప్పులూ చదరపు అడుగుల్లో లెక్కవేస్తే సగానికి పైగా పాతదే వస్తుంది, వీధిలో నిలబడి కింది అంతస్తు చూస్తే ఏమీ మిగలనట్టే ఉంటుంది. అడగవలసినది వేరు: ఈ ఇల్లు ఇప్పటికీ ఏం చెప్పగలుగుతోంది, మార్పుల వల్ల ఏం చెప్పలేకపోతోంది? 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయి కాలువలు పారి, 1893లో నది మీద రైలు వంతెన పడ్డాక, ఈ ఊరు సరుకు చేతులు మారే చోటయింది. కొండకూ రైలు కట్టకూ నడుమ ఇరుకున ఉన్న ఈ వీధుల్లో, ముందు వ్యాపారం, లోపల కాపురం, పైన చుట్టాలకూ గుమాస్తాలకూ చోటు అన్న తీరులో, సన్నగా పొడుగ్గా ఉండే ఇళ్ళు వచ్చాయి. మా తాతగారిల్లు ఆ తీరును ఇప్పటికీ చూపిస్తోంది. గొప్పవాళ్ళెవరూ అందులో పుట్టలేదు. 1887 నాటి విక్టోరియా జూబ్లీ మ్యూజియం వంటి భవనాన్ని కాపాడాలని ఎవరికీ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు, కానీ ఊరు ఎలా బతికిందో చెప్పేవి ఇటువంటి ఇళ్ళే.

మార్పులన్నిటినీ ఒకే గాటన కట్టకూడదన్నది నా రెండో అభిప్రాయం. 1964లో వెనిస్‌లో పురాతన కట్టడాల సంరక్షకులు ఆమోదించిన ఒడంబడికలో ఒక సూత్రం ఉంది: కట్టడంలో ఏ కాలపు చేర్పయినా విలువైనదైతే దాన్ని గౌరవించాలి, అంతా ఒకే శైలిలోకి తేవడం పునరుద్ధరణ లక్ష్యం కాదు. దీన్ని నేను ఏళ్ళ తరబడి పిల్లలకు చెప్పాను, మా ఇంటికి వర్తింపజేయవలసి వచ్చినప్పుడే దాని బరువు తెలిసింది. షట్టర్లు చూడగానే నాకు కష్టంగా ఉండేది. లోపలికి వెళ్ళి చూస్తే, వాటిని బిగించినవారు టేకు స్తంభాలను కొట్టలేదు. స్తంభాలకు ముందు వేరే ఇనుప చట్రం నిలబెట్టారు, విప్పితే పాత ముఖం అలాగే ఉంటుంది. పైగా అరుగు మీద పరుపు వేసుకుని బేరమాడిన వ్యాపారం షట్టరు వెనక్కి వెళ్ళడం కూడా ఈ వీధి చరిత్రలో భాగమే. షట్టర్లు ఆ ఇంటి విలువను తగ్గించాయని ఇప్పుడు నేను అనను.

మండువా మీద స్లాబు సంగతి అలా కాదు. దాన్ని మోయించడానికి పాత గోడల్లో గాడి కొట్టారు. వెలుతురూ గాలీ వచ్చే దారి మూసేశారు. చుట్టూ సున్నపు గోడలకు సిమెంటు పూత పూశారు, అసలు నష్టం అక్కడ జరిగింది. గానుగ సున్నంతో కట్టిన గోడ నేల నుంచి పీల్చిన తడిని పైపూత గుండా వదిలేస్తుంది. సిమెంటు పూత దాన్ని బయటికి పోనివ్వదు కనుక, నిమ్ము పైపైకి పాకి, ఉప్పు పొంగి, పెచ్చులతోపాటు ఇటుక ముఖం కూడా రాలిపోతుంది. "పాత గోడ కదా, పాడైపోయింది" అని అన్నయ్య చూపించిన గోడ పాతదై పాడు కాలేదు, కొత్త పూత వల్ల పాడైంది. ఆ స్లాబును కాపాడవలసిన చేర్పుగా నేను రాయను. అయితే దాన్ని తీసేసిన రోజున చెక్కడాల చూరుతో సినిమా సెట్టు లాంటి మండువా కట్టడాన్నీ ఒప్పుకోను. పాత చూరు ఎలా ఉండేదో చూపే ఫోటో ఒక్కటీ మా ఇంట్లో లేదు, ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగాలని ఆ ఒడంబడికే చెబుతుంది. ఆకాశం కనిపించేలా తెరిచి, సాదా చూరు వేస్తే చాలు. మన గుళ్ళ విషయంలో జీర్ణోద్ధరణ అన్న మాట ఉంది, దేశంలో వారసత్వ కట్టడాల సంరక్షణకు పనిచేసే ఇన్‌టాక్ సంస్థ 2004లో తెచ్చిన తన నియమావళిలోనూ దాన్ని స్వీకరించింది. శిథిలమైనదాన్ని మార్చి వాడుకలో నిలపడం మనకు కొత్త కాదు, కాపురమున్న ఇంటికి ఆ ఆలోచన కూడా కావాలి.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టినది మరొక వాదం. ఆ వీధిలో కాంక్రీటుకు ముందటి మేడలు ఎన్ని మిగిలాయో నడిచి లెక్కపెట్టాను, అయిదు ఉన్నాయి. అరుదైనది కనుక కాపాడాలని రాయడం తేలిక. కానీ పక్కవాళ్ళు పడగొట్టి లాభం పొందిన ప్రతిసారీ మా వాళ్ళ ఇల్లు మరింత అరుదవుతుందన్నమాట. అంటే ఇన్నాళ్ళు ఉంచినందుకు వీళ్ళ మీదే ఆంక్ష పడుతుంది. ఇది న్యాయం కాదని వదిన అంటే నేను కాదనలేకపోయాను. "వానొస్తే నాలుగు బకెట్లు పెడుతున్నాను బాబూ, నాకు ముందు అవి కనపడతాయి" అని కూడా అంది. ఇంటి విలువ ఒక ప్రశ్న, దాని దుస్థితి మరొకటి, దాన్ని నిలిపే డబ్బు మూడోది. కప్పు కారుతోందని విలువ తగ్గదు, విలువుందని కప్పు కారడం ఆగదు. రోడ్డు విస్తరణలో స్థలం పోయినవారికి ఇచ్చే టీడీఆర్ బాండ్లు, అంటే వేరేచోట అదనంగా కట్టుకోవడానికో అమ్ముకోవడానికో ఇచ్చే నిర్మాణ హక్కు పత్రాలు, మన ఊళ్ళో అందరికీ తెలుసు, భవన నిర్మాణ నియమాల్లో వారసత్వ కట్టడాన్ని కాపాడేవారికీ ఆ వెసులుబాటు ఉంది. అది అందకుండా ఆంక్ష మాత్రమే వస్తే నేనే వద్దంటాను.

ఏ చట్టం కింద అన్నదీ ముఖ్యమే. 1958 నాటి కేంద్ర చట్టం వందేళ్ళు నిండిన స్మారకాలకు, కోటలకూ గుళ్ళకూ తగినది, చుట్టూ 100 మీటర్ల వరకు నిర్మాణాలను నిషేధించే ఆ చట్టం ఇరుకు వీధిలోని కాపురపు ఇంటికి నప్పదు. ముంబైలో 1995లో వచ్చిన నిబంధనల వంటివి, కట్టడాలను ప్రాముఖ్యాన్ని బట్టి మూడు శ్రేణులుగా విడదీసే పద్ధతి, నయం. అందులో మూడో శ్రేణి కట్టడానికి ప్రధానంగా వీధి రూపాన్ని చూస్తారు, లోపలి మార్పులకు అడ్డు చెప్పరు. మా ఇల్లు మొదటి శ్రేణిది కాదని నిర్మొహమాటంగా చెప్పాను. రెండు, మూడు శ్రేణుల మధ్య నిలబడుతుంది.

చివరికి నేను రాసిచ్చిన కాగితంలో వీధి ముఖం, పైఅంతస్తు, చెక్క మెట్లు, మద్రాసు టెర్రస్, 24 అడుగుల వెడల్పు కాపాడవలసినవిగా పేర్కొన్నాను. షట్టర్లను ఉంచదగిన తరువాతి చేర్పుగా రాశాను. స్లాబు, సిమెంటు పూత, వెనక బాత్‌రూములు రక్షణ పరిధిలోకి రానివి, కుటుంబం ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అన్నయ్య రెండుసార్లు చదివి, వెనక భాగంలో రెండు గదులు పెంచుకోనిస్తే బిల్డరుకు కాదని చెబుతానన్నాడు. పెంచుకోవచ్చని, వీధిలోంచి కనిపించనంత ఎత్తులో అని చేర్చాను. వదిన ఒక్క షరతు పెట్టింది: దరఖాస్తు కంటే ముందు కప్పు. గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రి ఒకాయన బందరులో ఉన్నారు, సంక్రాంతి వెళ్ళాక వచ్చి చూస్తానన్నారు. అప్పటిదాకా కారుతున్నచోట సిమెంటు పెట్టవద్దని మాత్రం అన్నయ్యతో మాట తీసుకున్నాను.