రోల్ బార్‌కు రెండు స్పీకర్ బాక్సులు: నెలన్నర పని వివరాలు

పైకప్పు తీసేసి తిరిగే ఫోర్‌వీల్ డ్రైవ్ వాహనంలో, డాష్‌బోర్డులో ఉన్న చిన్న స్పీకర్లు గంటకు 40 కిలోమీటర్ల వేగం దాటగానే గాలి హోరులో కలిసిపోతున్నాయి. అందుకని సీట్ల వెనుక రోల్ బార్ (వాహనం బోల్తా పడితే మనుషులను కాపాడే ఇనుప గొట్టం) పై మూలల్లో ఆరున్నర అంగుళాల స్పీకర్లను, ఒక్కొక్కదాన్ని దాని సొంత బాక్సులో అమర్చాలని నిశ్చయించుకున్నాను. నెలన్నరగా చేసిన పనిని, అందులో దిద్దుకున్న తప్పులతో సహా, కొలతలు మరిచిపోకముందే రాసి పెడుతున్నాను.

మొదటి వారం

స్పీకర్ కోన్ ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి ఒత్తుకుంటుంది, అదే క్షణంలో వెనుకనున్న గాలి పలచబడుతుంది. ఈ రెండు అలలూ అంచు చుట్టూ తిరిగి కలుసుకుంటే కింది స్వరాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. బాక్సు చేసే మొదటి పని వెనుక అలను లోపలే బంధించడం. బాక్సు ఎంత పెద్దదిగా ఉండాలన్నది స్పీకర్‌తో వచ్చే కాగితంలోని మూడు అంకెలను బట్టి తేలుతుంది. వీటిని థీల్-స్మాల్ విలువలు అంటారు. నెవిల్ థీల్ 1961లో మొదలుపెట్టిన విశ్లేషణను రిచర్డ్ స్మాల్ 1970ల తొలినాళ్లలో విస్తరించి స్థిరపరిచాడు, ఈనాటికీ ఇంట్లో బాక్సు కట్టే ప్రతివాడూ ఆ లెక్కనే ఆశ్రయిస్తాడు.

నా స్పీకర్ స్వతస్సిద్ధ కంపన పౌనఃపున్యం 62 హెర్ట్జ్, మొత్తం క్యూ (కోన్ కంపనం ఎంత అదుపులో ఉందో చెప్పే అంకె, తక్కువైతే అదుపు ఎక్కువ) 0.55, దాని సాగే గుణానికి సమానమైన గాలి 9 లీటర్లు. మూసిన బాక్సుకు లెక్క సులభం. ఆ 9 లీటర్లను బాక్సు పరిమాణంతో భాగించి, 1 కలిపి, వర్గమూలం తీయాలి; వచ్చిన సంఖ్యతో క్యూనూ, పౌనఃపున్యాన్నీ గుణించాలి. 12 లీటర్ల బాక్సుకు క్యూ 0.73, పౌనఃపున్యం 82 హెర్ట్జ్ వస్తాయి. అత్యంత సమంగా వినిపించే విలువ 0.707 కాబట్టి కాగితం మీద అదే ఉత్తమం. అయితే రోల్ బార్ మూలలో 12 లీటర్ల బాక్సు వెనుక అద్దంలో చూపును అడ్డగిస్తుంది. 7 లీటర్లకు తగ్గిస్తే క్యూ 0.83, పౌనఃపున్యం 94 హెర్ట్జ్ అవుతాయి. క్యూ పెరిగినందువల్ల శబ్దంలో వచ్చే ఉబ్బు అర డెసిబెల్ కంటే తక్కువే, అది చెవికి తెలియదు. పోయేది అట్టడుగు బాస్ మాత్రమే.

ఆ బాస్ మీద ఆశ చావక, మిగిలిపోయిన ఎమ్‌డీఎఫ్ (చెక్క నారను ఒత్తి చేసిన పలక) ముక్కలతో 14 లీటర్ల పోర్ట్ బాక్సు, అంటే బాస్ పెంచడానికి గొట్టం పెట్టిన బాక్సు, ఒకటి ముందుగా ప్రయోగానికి కట్టి చూశాను. 5 సెంటీమీటర్ల లోపలి వ్యాసం, సుమారు 10 సెంటీమీటర్ల పొడవు ఉన్న గొట్టం పెడితే అది 55 హెర్ట్జ్‌కు కుదురుతుంది. షెడ్డులో వింటే చాలా బాగుంది. గతుకుల దారిలో మాత్రం గంటకు 15 కిలోమీటర్ల వేగంలోనే కోన్ టపటపా కొట్టుకుంది. కుదిర్చిన పౌనఃపున్యం కంటే కింద పోర్ట్ బాక్సులోని గాలి కోన్‌ను పట్టి ఉంచదు, గొట్టం గుండా బయటికి జారిపోతుంది. రాళ్ల మీద చక్రం పడి లేచే కుదుపులన్నీ సరిగ్గా ఆ కింది భాగంలోనే ఉంటాయి. మూసిన బాక్సులో బంధించిన గాలి స్ప్రింగులాగా కోన్‌ను ఎప్పుడూ మధ్యకు లాగుతుంది, బాక్సు చిన్నదైనకొద్దీ ఆ స్ప్రింగు గట్టిపడుతుంది. తిరిగి వచ్చి బాక్సు విప్పితే గొట్టం లోపల గుప్పెడు మెత్తటి దుమ్ము ఉంది. 7 లీటర్ల మూసిన బాక్సు స్థలం చాలక ఒప్పుకున్న రాజీ అని అంతవరకూ అనుకున్నాను. కుదుపుల దారిలో తిరిగే వాహనానికి సరైన పరిష్కారం అదేనని ఆ రోజు తెలిసింది.

రెండవ వారం

ఎమ్‌డీఎఫ్ గురించి కూడా అదే ప్రయోగంలో తేలిపోయింది. వాహనం కడిగిన తరువాత ఆ బాక్సును రాత్రంతా బయట వదిలేస్తే, 12 మిల్లీమీటర్ల కోత అంచులు తెల్లవారేసరికి 15 మిల్లీమీటర్లకు ఉబ్బాయి. ఇంట్లో వాడే బాక్సుకు అది ఎంతో మంచి పలక, వానలో తిరిగే దానికి పనికిరాదు. ఫినాలిక్ జిగురుతో అతికించిన 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్‌ను ఎంచుకున్నాను. 18 మిల్లీమీటర్లది ఇంకా గట్టిగా ఉంటుంది కానీ బరువు పెరుగుతుంది. రోల్ బార్ మీద వేలాడే ప్రతి కిలో, మూడు రెట్ల గురుత్వ త్వరణంతో కుదుపు తగిలినప్పుడు క్లాంపును మూడు కిలోల బలంతో లాగుతుంది. పూర్తయిన బాక్సు స్పీకర్‌తో కలిపి 4 కిలోలు తూగింది.

లోపలి కొలతలు 240, 200, 160 మిల్లీమీటర్లు, అంటే 7.68 లీటర్లు. అందులో స్పీకర్ అయస్కాంతం, చట్రం అర లీటరు దాకా ఆక్రమిస్తాయి, మధ్యన అడ్డంగా పెట్టిన బలపు కర్ర మరికొంత తింటుంది, నికరంగా 7 లీటర్లు మిగులుతుంది. మూడు కొలతలూ ఒకదానికొకటి గుణిజాలు కాకుండా చూసుకున్నాను, ఎందుకంటే ఘనాకారపు బాక్సులో లోపలి నిశ్చల తరంగాలు మూడు దిక్కులా ఒకే పౌనఃపున్యం దగ్గర పోగుపడతాయి. స్పీకర్ ఎంపికలో కోన్ కూడా ముఖ్యమే: పాలీప్రొపిలీన్ కోన్, రబ్బరు అంచు ఉన్నదే తీసుకున్నాను, కాగితపు కోన్ తడిస్తే బరువెక్కి మెత్తబడుతుంది.

మూడవ వారం

పలకలన్నీ ఒకే అమరికలో, ఒకే బ్లేడుతో కోశాను. అరమిల్లీమీటరు తేడా ఉన్నా మూల దగ్గర సందు ఏర్పడుతుంది. స్పీకర్ రంధ్రాన్ని రౌటర్‌తో (చెక్కను తొలిచే యంత్రం) వృత్తపు జిగ్ (దారి చూపే పట్టీ) పెట్టి తీశాను. మొదటి బాక్సుకు జిగ్‌సాతో (సన్నటి బ్లేడు రంపం యంత్రం) తీసిన రంధ్రం గుండ్రదనం తప్పింది, గాస్కెట్ (గాలి కారకుండా వేసే మెత్తటి పట్టీ) ఒకవైపు అంచుకు అందలేదు, ఆ పలకను పక్కన పెట్టి మళ్లీ కోయవలసి వచ్చింది. అతుకులకు నీటిని తట్టుకునే పాలీయురేథేన్ జిగురు పూసి, క్లాంపులతో బిగించి ఒక రాత్రి వదిలేశాను. ఆరిన తరువాత లోపలి మూలలన్నిటికీ చెక్క పొడి కలిపిన ఎపాక్సీని (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు) వేలితో నునుపుగా రుద్దాను. గాలి బయటికి పోకుండా ఆపేది నిజానికి ఈ పూతే, అతుకుల్లోని జిగురు పలకలను పట్టి ఉంచడం వరకే.

స్పీకర్ బిగించే రంధ్రాల దగ్గర ఒక జాగ్రత్త తీసుకున్నాను. చెక్క మరలు కుదుపులకు కొన్ని నెలల్లో వదులై రంధ్రాన్ని పెద్దది చేస్తాయి కాబట్టి, పలక వెనుక టీ-నట్లు (చెక్కలో దిగబడే పళ్లున్న నట్లు) కొట్టి స్టెయిన్‌లెస్ బోల్టులు వాడాను. ప్రతి రంధ్రాన్నీ కావలసినదానికంటే పెద్దగా తొలిచి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక సరైన కొలతకు మళ్లీ తొలిచాను. పడవలు కట్టేవారు పాటించే పద్ధతి ఇది. బోల్టు పక్కనుంచి నీరు దిగినా అది చెక్కను తాకదు.

నాలుగవ వారం, ఎక్కువ కాలం పట్టిన పని

రెండు బాక్సులూ కట్టాక కోన్‌ను నాలుగు వేళ్లతో మెల్లగా లోపలికి నొక్కి వదిలాను. గాలి కారని బాక్సులో అది నింపాదిగా వెనక్కి వస్తుంది. ఎడమ బాక్సు అలాగే చేసింది, కుడిది చటుక్కున తిరిగివచ్చింది. సందేహం తీరడానికి ఇంపిడెన్స్ (మారే విద్యుత్తుకు స్పీకర్ చూపే అడ్డు) కొలిచాను. స్పీకర్‌తో వరుసలో ఒక నిరోధం కలిపి, టోన్ జనరేటర్‌తో పౌనఃపున్యాన్ని మెల్లగా పెంచుతూ, స్పీకర్ కొసల మధ్య ఓల్టేజీ ఎక్కడ గరిష్ఠమవుతుందో మల్టీమీటర్‌లో చూస్తే అదే బాక్సు కంపన స్థానం. ఎడమ బాక్సు శిఖరం 93 హెర్ట్జ్ దగ్గర నిటారుగా నిలిచింది, లెక్క చెప్పినదానికి ఒక్క హెర్ట్జ్ తేడా. కుడి బాక్సు శిఖరం పొట్టిగా, వెడల్పుగా ఉంది. గాలి ఎక్కడో కారుతున్నప్పుడు కనబడే లక్షణం అది.

ఆ చోటును పట్టుకోవడానికి 30 హెర్ట్జ్ స్వరాన్ని తక్కువ శబ్దంతో మోగిస్తూ అతుకులన్నిటి మీద సబ్బు నీళ్లు కుంచెతో రాశాను. మూలల్లో బుడగ ఒక్కటీ రాలేదు. తీగ బయటికి వచ్చే ప్లాస్టిక్ టెర్మినల్ కప్పు చుట్టూ మాత్రం నురగ ఊగింది. బజారులో దొరికే ఆ కప్పులు పలుచటివి, వాటి మరల చుట్టూ గాలి చొరబడుతుంది. రెండు బాక్సుల నుంచీ వాటిని తీసేసి, రంధ్రాలు పూడ్చి, అడుగున రబ్బరు బిగింపు ఉన్న కేబుల్ గ్లాండు పెట్టాను. ఆ తరువాత రెండు శిఖరాలూ ఒకే ఎత్తుకు వచ్చాయి. లోపల పాలియెస్టర్ దూదిని వదులుగా నింపితే కంపన స్థానం 90కి దిగింది. దూది వల్ల బాక్సు ఒక లీటరు పెద్దదైనట్టు ప్రవర్తిస్తోందన్నమాట. దూది కోన్ వెనుక భాగాన్ని తాకకుండా పలుచటి వల గుడ్డ అడ్డు కట్టాను.

ఐదవ వారం

లోపలా బయటా రెండు పూతల ఎపాక్సీ, కోత అంచులకు మూడు. దాని మీద ట్రక్కు తొట్టెలకు వేసే గరుకు పాలీయురేథేన్ పూత. స్పీకర్ అంచు కింద మూసిన రంధ్రాల ఈపీడీఎమ్ రబ్బరు నురగ గాస్కెట్ వేశాను. ముందు చిల్లుల ఇనుప జాలీ బిగించి, వెనుక పలుచటి వల గుడ్డ పెట్టాను.

రోల్ బార్‌కు బిగించడానికి బాక్సులోకి బోల్టులు దించలేదు. 3 మిల్లీమీటర్ల మందం, 30 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న ఇనుప పట్టీని వంచి, బాక్సును చుట్టి పట్టుకునే ఊయల చేసి, ఆ ఊయలను రెండు ముక్కల క్లాంపులతో గొట్టానికి బిగించాను. మధ్యన రబ్బరు పట్టీ, ప్రతి బోల్టుకూ నైలాన్ నట్టు. బాక్సు ముఖం కిందికి పది డిగ్రీలు వంగి ఉంది, శబ్దం చెవుల వైపు వస్తుంది, జాలీలో పడిన నీరు నిలవకుండా కారిపోతుంది. ఈ పనిలో నేను అన్నిటికంటే పట్టుబట్టిన విషయం తల కదిలే పరిధి. సీటు బెల్టు పెట్టుకుని కూర్చున్న మనిషి తల కుదుపులో ఎటు ఊగినా బాక్సు అంచుకు తగలకూడదు. ఇద్దరిని హెల్మెట్లతో కూర్చోబెట్టి కొలిచి, క్లాంపులను మరో 12 సెంటీమీటర్లు వెనక్కి జరిపాను, మూలలన్నీ గుండ్రంగా అరగదీశాను.

ఒక్కో చానెల్‌కు 50 వాట్ల డీ తరగతి ఆంప్లిఫయర్ సీటు కింద ఉంది. పూర్తి శక్తితో అది సుమారు 9 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి, 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసి, బ్యాటరీకి మూరెడు దూరం లోపే 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాను. ఫ్యూజు కాపాడవలసింది తీగను. బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య తీగ ఒరుసుకుని చట్రానికి తగిలితే ఆపేది ఏదీ ఉండదు. రెండు స్పీకర్ల ధ్రువాలు ఒకేలా ఉన్నాయా అని 1.5 ఓల్టుల బ్యాటరీ తాకించి చూశాను, రెండు కోన్లూ ముందుకే కదిలాయి.

మొదటి ప్రయాణం

ఆంప్లిఫయర్‌లో 80 హెర్ట్జ్ దగ్గర హై-పాస్ (అంతకంటే కింది స్వరాలను తగ్గించే వడపోత) పెట్టాను. అంతే శబ్దం రావాలంటే పౌనఃపున్యం సగమైనప్పుడు కోన్ నాలుగు రెట్లు కదలాలి. మూసిన కారు లోపలి గాలి అట్టడుగు స్వరాలకు కొంత ఊతమిస్తుంది, పైకప్పు లేని చోట ఆ సాయం ఉండదు. అందుకని 50 హెర్ట్జ్ కోసం ఈ స్పీకర్లను శ్రమ పెట్టి లాభం లేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో పాటలోని మాటలు స్పష్టంగా వినిపించాయి, మృదంగం దెబ్బకు బరువుంది, తంబుర అట్టడుగు నాదం మాత్రం గాలిలో పోయింది. పోర్ట్ బాక్సు కోన్ టపటపలాడిన గతుకుల్లోనే ఈ రెండూ నిశ్చలంగా నిలిచాయి.

100 కిలోమీటర్ల తరువాత బోల్టులన్నీ తనిఖీ చేస్తే ఎడమ క్లాంపులో ఒకటి పావు మలుపు వదులైంది, రబ్బరు పట్టీ అణిగినందువల్ల. మళ్లీ బిగించి, బోల్టు తల మీదా ఊయల మీదా కలిసేలా తెల్ల రంగుతో గీత పెట్టాను, ఇకమీదట వదులైతే చూడగానే తెలుస్తుంది. స్పీకర్ తీసి లోపల వేలు పెట్టి తడిమితే దుమ్ము లేదు, తడి లేదు. వెనుక జాలీ గుడ్డ మీద బురద చిమ్మిన మరకలున్నాయి, దాన్ని విప్పి ఉతకడానికి వీలుగా జాలీ అంచుకు నాలుగు రెక్కల నట్లు పెట్టడం వచ్చే వారం పని.